కరపత్రాన్ని అడుగు నుంచి చదవండి

ఎన్నికల కరపత్రం చేతికి రాగానే అందరూ ఫొటో చూస్తారు. నా కళ్లు మాత్రం అడుగున ఉన్న సన్నటి అక్షరాల మీదికి పోతాయి. విశాఖలో పూర్ణా మార్కెట్ దగ్గర ప్రెస్సులో డీటీపీ చేసినదాన్ని, అలవాటు పోలేదు.

ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు అక్కడ ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 127-ఎ సెక్షన్ అదే చెబుతుంది. ప్రచురించేవారు సంతకం పెట్టి, వారిని ఎరిగిన ఇద్దరు ధ్రువీకరించిన పత్రం తెస్తేనే ప్రెస్సువాళ్లు పని మొదలుపెట్టాలి. తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఒళ్లంతా తిట్లే ఉండి ఈ ఒక్క వరుసా లేని కాగితాన్ని పక్కింటికి చేరవేయకండి, ఫొటో తీసి ఎన్నికల సంఘం ఫిర్యాదుల వేదిక సి-విజిల్‌లో పెట్టండి. అభ్యర్థి మీద కేసులున్నాయని రాస్తే ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఆ అభ్యర్థి అఫిడవిట్ తెరిచి చూడండి.

ఇక పైకి రండి. పెన్సిలు తీసుకుని క్రియల కింద గీత గీయండి. ‘కాపాడతాం’, ‘సాధిస్తాం’ అని ఉంటే పక్కన ‘ఎలా?’ అని రాయండి. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదం కోసం 1966లో ప్రాణాలు పోయాయి. ఆ గౌరవాన్ని అరువు తెచ్చుకుని తమ గుర్తు పక్కన అచ్చు వేయించుకోవడం ఇక్కడ మామూలే. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఆ కర్మాగారంలో 100 శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ప్లాంటుకు సొంత ఇనుప గనులు లేవు. ఈ రెండింటి గురించి నోరు మెదపని కరపత్రం గాజువాకలో ఎంత రంగుల్లో పంచినా ఉత్త కాగితమే.

1937లో అమెరికాలో ఏర్పడిన ప్రచార విశ్లేషణ సంస్థ ఏడు ఎత్తుగడలను గుర్తించింది. నా దృష్టిలో వాటిలో గడుసుది, పనికొచ్చే నిజాలను మాత్రమే ఏరి పేర్చడం. అందులో అబద్ధం దొరకదు. అందుకే వేసిన రోడ్ల పొడవు చెబితే ఏ ఏడు నుంచి ఏ ఏటి వరకో వెతకండి. సర్వే అంటే ఎవరు చేశారు, ఎందరిని అడిగారు అన్నది చూడండి. సభ ఫొటోలో జనం అంచుల దాకా కిక్కిరిసి ఉంటే, అంచుల అవతల ఏముందో కత్తిరించిన మాలాంటివాళ్లకే తెలుసు.

పోలింగు ముందు రాత్రి గుమ్మంలో పడే కాగితం సంగతి వేరు. ఎదుటివారికి జవాబిచ్చే వ్యవధి ఉండకూడదనే ఆ వేళ ఎంచుకుంటారు. దాన్ని ఓటేసి వచ్చాక చదువుకోండి.