క్యాంపస్‌లో తోలుబొమ్మలాట: డబ్బు ఎక్కడిది, ఎప్పుడొస్తుంది

మొదటిసారి మా క్యాంపస్‌లో తోలుబొమ్మలాట ఆడించినప్పుడు నేను ఎంఏ రెండో ఏడాదిలో ఉన్నాను. ఆట బ్రహ్మాండంగా జరిగింది. లంకాదహనం మొదలయ్యేసరికి మెస్ వంటవాళ్లు కూడా గరిటెలు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డారు. కళాకారుల డబ్బు మాత్రం ఆట అయిన 74 రోజులకు గానీ వాళ్ల ఖాతాలో పడలేదు. ఆ రెండున్నర నెలలూ బృందం పెద్దాయన వారానికోసారి ఫోన్ చేసేవారు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. "ఏమ్మా, ఆ ఫైలు కదిలిందా?" అని మాత్రం అడిగేవారు. ఏం చెప్పాలో తెలియక నేను పడిన సిగ్గు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత పీహెచ్‌డీ చేస్తూ అదే హైదరాబాద్ క్యాంపస్‌లో మరో మూడుసార్లు ఆడించాం. మూడుసార్లూ ఆట ముగిసిన రాత్రే కళాకారుల చేతికి డబ్బు ముట్టింది. అది ఎలా కుదిరిందో చెప్తాను. మీరు కూచిపూడి పెట్టుకున్నా, ఒగ్గు కథ పెట్టుకున్నా, గోడ మీద బొమ్మలు వేయించుకున్నా లెక్క దాదాపు ఇదే. ఎంత డబ్బు దొరుకుతుందన్నదాని కన్నా, ఏ తేదీన ఎవరి చేతికి వస్తుందన్నది ముందు తేల్చుకోవాలి.

డిసెంబరులో ఆట కావాలంటే జూలైలోనే కళాకారులతో మాట్లాడండి. వీలైతే వాళ్ల ఊరికే వెళ్లండి. మేం వెళ్లింది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చాక ఆ ఊరి పేరు చాలామందికి తెలిసింది. అక్కడ ఇళ్లలో ఇప్పుడు ఆట బొమ్మలతో పాటు దీపాలకు తొడిగే తోలు షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు కూడా చేస్తారు. ఆట కన్నా వాటి మీదే ఇల్లు గడిచే కుటుంబాలున్నాయి. ఇది తెలిస్తే బడ్జెట్ మారుతుంది. ఆట ఒక్కటే పెడితే ఆడించే బృందానికే పని. దాంతో పాటు రెండు రోజుల వర్క్‌షాప్ పెడితే బొమ్మలు చెక్కే ఆడవాళ్లకూ పారితోషికం వస్తుంది.

అక్కడ కూర్చున్నప్పుడే నిడివి తేల్చుకోవాలి. ఊళ్లో ఆట రాత్రి తొమ్మిదికి మొదలైతే తెల్లవారే దాకా సాగుతుంది. క్యాంపస్‌లో అలా కుదరదు. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు వాడకూడదు. "పెద్నాయనా, ఏడుకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించాలి" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "సుందరకాండ ఒకటే అయితే కుదుర్తాది. అయినా బంగారక్కను మాత్రం తియ్యను" అన్నారు. బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు లేకపోతే జనం లేచి వెళ్లిపోతారని ఆయనకు తెలుసు. కథలో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్నది వాళ్లకే వదిలెయ్యండి.

ఇక లెక్క. మా మూడో ఆట బడ్జెట్ ఇది. ఏడుగురికి తలా 6,000 చొప్పున 42,000. వర్క్‌షాప్ నడిపిన ఇద్దరికి 16,000. మేక తోలు, రంగులు, ఉలులకు 15,000. రానూపోనూ వ్యాను 22,000. భోజనం, బస 11,000. వేదిక, తెర, దీపాలు, మైకు 13,000. పోస్టర్లకు 3,000. మొత్తం 1,22,000. దాని మీద ఊహించని ఖర్చులకని 12,000 కలిపి 1,34,000 అనుకున్నాం. పారితోషికం పద్దు మొదటి వరుసలో రాయండి. ఏ కమిటీలోనైనా బడ్జెట్ కోస్తారు, కోత ఎప్పుడూ కింది వరుసల నుంచే మొదలవుతుంది. వ్యాను పద్దు చూసి "రైల్లో రావచ్చు కదా" అంటారు. ధర్మవరం నుంచి కాచిగూడకు రైళ్లున్న మాట నిజమే. కానీ బొమ్మలు కొన్ని మనిషంత ఎత్తుంటాయి, ఆ పెట్టె బెర్తు కిందికి పోదు. ఇది రెండు వాక్యాల్లో బడ్జెట్ కిందే రాసి పెట్టండి. అడిగాక చెప్పే జవాబు కన్నా ముందే రాసిన జవాబు బాగా పనిచేస్తుంది.

డబ్బు ఒక్కచోట దొరకదు. విద్యార్థి సంక్షేమ డీన్ దగ్గర సాంస్కృతిక కార్యక్రమాల నిధి నుంచి మాకు 50,000 వచ్చింది. మా డిపార్ట్‌మెంట్ సెమినార్ల పద్దు నుంచి 20,000 ఇచ్చింది, వర్క్‌షాప్ అని రాశాం కాబట్టే. క్యాంపస్‌లోని బ్యాంకు శాఖ 25,000 ఇచ్చింది. పూర్వ విద్యార్థులు 31,000 పంపారు. మేం రెండు సాయంత్రాలు పెట్టిన మిర్చిబజ్జీల స్టాల్ మీద 8,000 మిగిలింది. బ్యాంకు వాళ్లు తెర పైభాగాన తమ బ్యానర్ కట్టమన్నారు. కుదరదని చెప్పి, గేటు దగ్గర కట్టించాం. దీపం వెలిగాక చూసేవాళ్ల కళ్ల ముందు ఆ తెల్ల గుడ్డ తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఇలాంటివి డబ్బు తీసుకోకముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

పూర్వ విద్యార్థుల విషయంలో ఒక జాగ్రత్త. మన క్యాంపస్‌ల నుంచి అమెరికా వెళ్లినవాళ్లు ఎందరో. సాయం అడిగితే ప్రేమగా పంపుతారు. వాళ్లు భారత పౌరులుగానే ఉండి సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు. కాబట్టి ఎవరినైనా ముందు పౌరసత్వం అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. డబ్బు మీ సొంత ఖాతాలో కూడా వేయించుకోకండి. క్యాంపస్ ఖాతాకే వెళ్లాలి.

చేతిలో ఏమీ లేకపోతే ముందు స్పిక్ మెకే వాళ్లకు రాయండి. 1977లో కిరణ్ సేఠ్ మొదలుపెట్టిన ఈ స్వచ్ఛంద ఉద్యమం విద్యాసంస్థలకు కళాకారులను తీసుకురావడం కోసమే ఉంది. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం పరిధిలోకి మన రెండు రాష్ట్రాలూ వస్తాయి. అలాంటి ప్రభుత్వ సంస్థలకు మీ పేరుతో కాకుండా రిజిస్ట్రార్ సంతకంతో ఉత్తరం పంపించండి.

అసలు యుద్ధం ఫైలుతో. మొదటిసారి మేం చేసిన తప్పు ఏమిటంటే, "మంజూరు" అన్న మాట చూసి డబ్బు వచ్చేసిందనుకోవడం. మంజూరంటే ముందు మీరు ఖర్చు పెట్టి బిల్లులు చూపిస్తే తర్వాత ఇస్తామని అర్థం కావచ్చు. అందుకే మంజూరు కోసం పెట్టే నోట్ ఫైల్లో, ఖర్చుకు ముందే డబ్బు చేతికిచ్చే అడ్వాన్స్ కావాలని విడిగా ఒక పేరా రాయండి. విద్యార్థుల పేరున అడ్వాన్స్ ఇవ్వరు. ఎవరైనా అధ్యాపకుల పేరున తీస్తారు. అంటే ఆ మేడమో సారో తమ జీతాన్ని పూచీగా పెడుతున్నట్టే. వాళ్లతో విషయం విప్పి మాట్లాడండి, బిల్లులు పోగొట్టనని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఫైలు ఆట తేదీకి కనీసం ఎనిమిది వారాల ముందు కదలాలి. మార్చి నెల జోలికి మాత్రం పోవద్దు. 31న ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది, ఆఫీసులో ఎవరికీ తల తిప్పే తీరిక ఉండదు.

ఫైలుతో పాటే ప్రతి కళాకారుడి పాన్ కార్డు, ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సులు తెప్పించండి. పన్ను కోయాల్సిన చెల్లింపుకు పాన్ లేకపోతే 20 శాతం దాకా పట్టుకుంటారు. బృందంలో ఒకాయనకు పాన్ లేదని మాకు అక్టోబరులోనే తెలిసింది. ధర్మవరంలో దరఖాస్తు పెట్టించాం, ఆటకు ముందే కార్డు వచ్చింది. ఆట రాత్రి నగదు ఇచ్చేటప్పుడు రసీదు 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం చేయించాలి. ఆ స్టాంపులు క్యాంపస్ పోస్టాఫీసులో ఎప్పుడూ అయిపోయి ఉంటాయి, వారం ముందే కొని పెట్టుకోండి.

చోటు ఎంచుకునేటప్పుడు పగలు వెళ్లి చూసి వచ్చేయకండి. రాత్రి ఏడున్నరకు అక్కడ నిలబడి చూడండి. రెండో ఆటప్పుడు లైబ్రరీ ముందు పచ్చిక బాగుందని ఖాయం చేసుకున్నాం. తీరా తెర కట్టాక చూస్తే పక్కనున్న వీధి దీపం దాని మీదే పడుతోంది. ఆ వెలుగులో హనుమంతుడి ఎరుపు వెలిసిన చీర రంగులా కనిపించింది. ఆ రాత్రి ఒక స్నేహితుడు దీపానికి గోనెసంచి కట్టి గట్టెక్కించాడు. ఆ తర్వాత నుంచి ఇంజనీరింగ్ సెక్షన్‌కు, ఏ స్తంభాల దీపాలు ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు ఆపాలో నంబర్లతో సహా ఉత్తరం ఇస్తున్నాం. సెక్యూరిటీ వాళ్లకూ ఒక కాపీ.

బొమ్మల పెట్టెకు తాళం వేసే గది కావాలి. తోలు వాసనకు కుక్కలు వస్తాయి, తేమ తగిలితే బొమ్మ వంకర తిరుగుతుంది. అందుకే వానలు తగ్గాక డిసెంబరు, జనవరి మంచి కాలం. వేదిక మీద చెక్క పలకలు అడగండి, యుద్ధం వచ్చినప్పుడు వాటి మీద కాళ్లతో తొక్కి మోత పుట్టిస్తారు. సిమెంటు వేదిక మీద ఆ మోత రాదు.

ఆట నడుస్తుండగా చూసేవాళ్లను పది మంది చొప్పున తెర వెనక్కి పంపండి. మేం పంపాం. పెద్దాయన రెండు చేతుల్లో రెండు బొమ్మలు, నోట్లో పద్యం, కాలి కింద పలక. అవసరం లేని బొమ్మను ముల్లుతో గుడ్డకు గుచ్చి వదిలేసి, చేతిని ఇంకోదానికి చాచేవారు. తర్వాతి బొమ్మను సరిగ్గా ఆ క్షణానికి అందించడమే ఆయన భార్య పని, ఆమె ఒక్కసారి కూడా పెట్టె వైపు చూడలేదు. అది చూసిన ఫిజిక్స్ అమ్మాయిలు ముగ్గురు మర్నాడు వర్క్‌షాప్‌కు వచ్చి పేర్లు రాయించుకున్నారు.

ఆట అయ్యాక తెర విప్పకముందే కవర్లు ఇవ్వండి. ఏడుగురికీ విడివిడిగా, పేర్లు రాసి, ఆడవాళ్ల కవర్లు ఆడవాళ్ల చేతికే. బిల్లులన్నీ వరుస నంబర్లు వేసి, తెల్ల కాగితాలకు అంటించి, మూడు రోజుల్లో అడ్వాన్స్ లెక్క తేల్చడానికి ఆఫీసులో ఇచ్చేయండి. వర్క్‌షాప్‌లో తయారైన బొమ్మలు డిపార్ట్‌మెంట్ స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కాలి, లేకపోతే ఆడిట్‌లో అడ్వాన్స్ తీసిన మేడమ్‌ను అడుగుతారు. మావి పదకొండు ఎక్కాయి. పన్నెండోది ఒక జింక. చెక్కుతున్నప్పుడే కొమ్ము తెగింది. దాన్ని పెద్దాయన బాగుచేసి పంపుతానని ఊరికి తీసుకెళ్లారు, సంక్రాంతి దాటాక పార్సిల్‌లో వచ్చింది.