రైతుల వాట్సాప్ గ్రూపు నడపడం ఎలా: ఒక బత్తాయి రైతు పద్ధతి

మాది నల్లగొండ జిల్లా గుర్రంపోడు మండలం. బత్తాయి తోట ఉంది. మా మండలంతో పాటు కనగల్, పెద్దవూర, అనుముల మండలాల బత్తాయి రైతులున్న వాట్సాప్ గ్రూపుకు నేను అడ్మిన్‌ని. మేమూ ఇలాంటిదే పెట్టుకుంటాం, ఎట్లా నడపాలో చెప్పమని చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు అడుగుతున్నారు. పెట్టిన గ్రూపు గుడ్ మార్నింగ్ ఫొటోలతో నిండిపోయింది, ఏం చేయాలని ఇంకొందరు అడుగుతున్నారు. అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు గ్రూపు దేనికోసమో ఒక్క వాక్యంలో రాసి, పేరు కింద పెట్టండి. మాది ఇది: "బత్తాయి ధర, తెగులు, నీళ్లు, కూలీలు, లారీలు." ఇందులోకి రానిది ఎంత మంచిదైనా ఇక్కడ పెట్టం. దేవుడి ఫొటో మంచిదే, పుట్టినరోజు శుభాకాంక్షలూ మంచివే. కానీ రైతు ఎదురుగా వ్యాపారిని నిలబెట్టుకుని, తోటలోనే ఫోన్ తీసి నిన్నటి ధర వెతుక్కుంటాడు. ఆ ధర ఫొటోల కింద పడిపోతే అవతలివాడు చెప్పిన రేటుకు తలూపేస్తాడు. పోయేది అతని డబ్బు. ఈ మాట చెప్పిన రోజు నుంచి మా గ్రూపులో ఫొటోలు పెట్టేవాళ్లు వాళ్లంతట వాళ్లే తగ్గించారు. ఎవరైనా చనిపోయిన వార్త వస్తే మాత్రం తీసేయం. అందరూ విడివిడిగా సంతాపం రాయకుండా, ఆ మెసేజ్ మీదే వేలు నొక్కిపట్టి దండం గుర్తు పెట్టమంటాం.

ధర పెట్టే పద్ధతి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. గ్రూపు పరువు అంతా దాని మీదే ఉంటుంది. "ఈరోజు ఇరవై వేలు" అని ఒకరు పెడతారు. ఎక్కడ? తోట దగ్గరా, నల్లగొండ గంధంవారిగూడెం మార్కెట్లోనా, హైదరాబాద్ దగ్గర బాటసింగారంలోనా? సూటు ఎంత? తూకంలో వ్యాపారి టన్నుకు ఇంత అని తీసేసే సూటు చెప్పకపోతే ధర చెప్పినా చెప్పనట్టే. టన్ను 20 వేలన్నవాడు క్వింటా సూటు తీస్తే రైతు చేతికి వచ్చేది 18 వేలు. సూటు లేకుండా 19 వేలిచ్చేవాడు అంతకంటే నయం. ఉత్త "ఇరవై వేలు" చూసిన రైతు ఈ రెండో మనిషిని వెనక్కి పంపేస్తాడు. అందుకని మా దగ్గర ధర పెట్టాలంటే ఇవన్నీ ఉండాలి: తేదీ, ఎక్కడ అమ్మారు, టన్ను ధర, సూటు, కోత కూలి ఎవరిది, కత్తెర కాయా (సీజన్ కాని కాలంలో వచ్చేది) సీజన్ కాయా, మంగు (కాయ తొక్క మీద మచ్చ) ఎంత ఉంది. తాను అమ్మిన ధరో, కళ్లారా చూసిన ధరో మాత్రమే పెట్టాలి. విన్న ధర వద్దు.

ఎవరైనా సగమే పెడితే గ్రూపులో మందలించకండి. ఫోన్ చేయండి. నేను ఇలా మాట్లాడతాను: "అన్నా, నీ మెసేజ్ జూసి మనోళ్లు తోటలు మాట్లాడుకుంటున్నరు. సూటు ఎంతో గూడ రాయరాదే, నష్టపోతరు." ఇలా అంటే కాదనేవాళ్లు ఉండరు. అదే మాట నలుగురి ముందు అంటే, తప్పు ఒప్పుకోవడం కంటే ధర నిజమేనని వాదించడం అతనికి తేలికవుతుంది. ఆ వాదనలోకి బావమరుదులు వస్తారు, ఊరోళ్లు వస్తారు, సాయంత్రానికి ధర సంగతి పక్కకు పోతుంది.

వ్యాపారులను, మందుల షాపుల వాళ్లను గ్రూపులో ఉంచాలా వద్దా? ఉంచాలనే నా అభిప్రాయం. వద్దంటే వేరే నంబరుతో ఎలాగూ వస్తారు. పేరు పక్కన "వ్యాపారి" అనో "షాపు" అనో రాసుకుని ఉంటే ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో రైతుకు తెలుస్తుంది. షాపు ఉన్నవాళ్లు మందు పేరు చెప్పినప్పుడు, అది తాము అమ్మేదే అని కూడా చెప్పాలి. ఈ ఒక్క నియమం దగ్గర మేం ఎవరినీ వదిలిపెట్టం.

తెగులు గురించి అడిగేవాళ్లకు కూడా పద్ధతి నేర్పాలి. ఒక్క ఆకు ఫొటో పెట్టి "ఏం మందు కొట్టాలె" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఆకు ముందూ వెనకా, కాండం మొదలు, చెట్టు మొత్తం, ఇవన్నీ పగటి వెలుతురులో తీయాలి. చెట్టు వయసు, బోరు నీళ్లా కాలువ నీళ్లా, చివర కొట్టిన మందేమిటి, అది కూడా రాయాలి. మోతాదు విషయంలో డబ్బా మీద ఉన్నదాన్ని దాటి ఎవరూ చెప్పకూడదు. అనుమానం తీరకపోతే కొండమల్లేపల్లి ఉద్యాన పరిశోధన స్థానానికో కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికో పోయి కొమ్మ చూపించమంటాం. అంత దూరం పోలేనివాళ్లు కిసాన్ కాల్ సెంటర్‌కు, 1800 180 1551కు చేయొచ్చు.

మర్యాద సంగతి అసలు ఇక్కడే తేలుతుంది. ఒకామె కాండం మీద బంక కారుతున్న ఫొటో పెట్టింది. భర్త పోయాక తోట తనే చూసుకుంటోంది. గ్రూపులో అడగడం ఆమెకు అదే మొదలు. దాని కింద ఒక పెద్దాయన, "మేం పెట్టిన తోటలకు ఇసొంటియి ఎన్నడు రాలే. చూసుకునేటోళ్లు ఉంటే అన్ని మంచిగనే ఉంటయి" అని రాశాడు. ఇందులో తిట్టు ఒక్కటీ లేదు. కానీ దాన్ని అలాగే వదిలేస్తే ఆమె ఇంకెప్పుడూ అడగదు. ఆమెను చూసి అడుగుదామనుకున్న మిగతావాళ్లూ ఆగిపోతారు. ఆయనకు ఫోన్ చేసి, "కాకా, నీకు తెలిసినంత మాలో ఎవ్వరికి తెల్వదు. గా బంక తెగులుకు ఏం జేయాల్నో నువ్వే చెప్పు" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే మొదటి మెసేజ్ తీసేసి, వాయిస్‌లో వివరంగా చెప్పాడు: బంక కారిన చోట బెరడు గీకి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలి, నీళ్లు మొదలుకు తగలకుండా చుట్టూ ఇంకో కట్ట వేసి పాదు దూరంగా చేయాలి. ఆ వాయిస్‌ను ఇప్పటికీ అడిగినవాళ్లకు పంపుతుంటాం. నోరు మూయించకుండా ఆయన అనుభవాన్ని వాడుకోవడమే అడ్మిన్ పని అని నా నమ్మకం. (వాయిస్ పెట్టేవాళ్లు అందులో ఏముందో కింద ఒక్క లైను రాయాలి, వాళ్లకు వీలుకాకపోతే ఎవరైనా రాసిపెట్టొచ్చు. లేకపోతే తర్వాత వెతికితే దొరకదు.)

కాలువ నీళ్లు వదిలే రోజుల్లో గొడవలు ఖాయం. ఎగువోళ్లు తూములు పగలగొట్టారని దిగువోళ్లు అంటారు. అప్పుడు మా నియమం ఒక్కటే: ఊరి పేరు పెట్టి, కులం పేరు పెట్టి అనకూడదు. ఏ తూము, ఏ తేదీ, నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగాయి, అదే రాయాలి. అలా రాస్తే ఆ మెసేజ్‌నే అధికారికి పంపొచ్చు. మాటలు మరీ హద్దు దాటితే సెట్టింగుల్లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చండి. కానీ మూసేటప్పుడే, "రేపు పొద్దున ఆరింటికి తెరుస్తాం" అని రాయండి, చెప్పిన టైముకు తెరవండి. లేకపోతే ఒక పక్షానికి వత్తాసు పలికారనుకుంటారు. ఎన్నికల పోస్టుల విషయంలోనూ అంతే. సర్పంచ్ పెట్టినా, సర్పంచ్‌ను ఓడించాలనుకునేవాళ్లు పెట్టినా తీసేయాలి. ఒక్కరికి మినహాయింపు ఇచ్చారా, ఆ నియమం ఇంకెవరికీ వర్తించదు.

ఫార్వర్డ్ మెసేజ్‌లను తేలిగ్గా తీసుకోవద్దు. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని పుకార్లు ఊళ్లను ఎంత భయపెట్టాయో మన పాలమూరు, గద్వాల వాళ్లకు బాగా గుర్తుంటుంది. అప్పట్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, డప్పులతో, పాటలతో నమ్మొద్దని చెప్పించారు. మా దగ్గర అలాంటి మెసేజ్ వస్తే ముందు తీసేస్తాం, తర్వాత స్టేషన్‌కు ఫోన్ చేసి నిజమేమిటో కనుక్కుని గ్రూపులో రాస్తాం.

ఇంకో ప్రమాదం ఏపీకే ఫైళ్లు, అంటే ప్లే స్టోర్ నుంచి కాకుండా మెసేజ్‌లో నేరుగా వచ్చే యాప్ ఫైళ్లు. పీఎం కిసాన్ అనో, బ్యాంకు అనో పేరుంటుంది. ఇన్‌స్టాల్ చేస్తే ఓటీపీలు దొంగల చేతికి పోతాయి. ఆ ఫోన్ నుంచే అదే ఫైలు మిగతా గ్రూపులకు పోతుంది. కనిపించిన క్షణమే ఫైలు తీసేసి, ఆ నంబరును గ్రూపు నుంచి తప్పించి, ఆ మనిషికి మామూలు కాల్ చేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయించండి. "ఆయన పంపలేదు, ఆయన ఫోన్ దొంగల చేతిలో పడ్డది, ఎవరూ ఏమీ అనకండి" అని గ్రూపులో తప్పకుండా రాయండి. సిగ్గుతో దాచుకుంటే ఇంకా నష్టం.

సభ్యులు ఏం పెట్టినా అడ్మిన్ జైలుకు పోతాడన్న టెన్షన్ చాలామందికి ఉంది. ఉమ్మడి ఉద్దేశం గానీ ముందే వేసుకున్న పథకం గానీ లేకపోతే, సభ్యుడి పోస్టుకు అడ్మిన్ బాధ్యుడు కాడని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం చెప్పింది. అలాగని చూసి ఊరుకోవద్దు, ద్వేషం పెంచేది వెంటనే తీసేయండి.

ఫోన్ చేసినా వినకపోతే మెసేజ్ తీసేసి కారణం రాయండి, పేరు వద్దు. మళ్లీ అదే పనిచేస్తే వారం రోజులు తప్పించండి. వారం అయ్యాక వాళ్లు అడిగేదాకా చూడకుండా మీరే చేర్చండి. చేర్చాక పాత సంగతి ఎవరు ఎత్తినా ఆపండి. ఇవన్నీ ఒక్కరి వల్ల కాదు. అడ్మిన్లు ముగ్గురన్నా ఉండాలి, వేర్వేరు ఊళ్ల వాళ్లు, అందులో ఒకరు తోట చూసుకునే ఆడమనిషి. మా గ్రూపులో అలా ఒకామె అడ్మిన్ అయ్యాకే ఆడవాళ్లు నేరుగా ప్రశ్నలు పెట్టడం మొదలైంది. అంతకుముందు వాళ్ల ప్రశ్నలు కొడుకుల ఫోన్ల నుంచి వచ్చేవి.