మా బాబుకి నిజంగా ఏది ఇష్టమో ఎలా తెలిసింది (నా అనుభవం)

మా బాబుకి తొమ్మిదేళ్లు, ఆటిజం, మాటలు లేవు. గుండీలు పెట్టుకోవడం నేర్పుదామంటే ఏ బహుమతికీ కదిలేవాడు కాదు. చాక్లెట్, ఫోన్, స్టిక్కర్లు, చప్పట్లు అన్నీ అయ్యాయి.

చివరికి ఆరు వస్తువులు తీసుకుని, ముందు ఒక్కోదాన్నీ కాసేపు ఆడుకోనిచ్చాను. తర్వాత రెండేసి ఎదురుగా పెట్టి, ఏది అందుకుంటే అది అర నిమిషం ఇచ్చి రాసుకున్నాను. మొత్తం 15 జతలు, రెండు రోజులు పట్టింది. ఎప్పుడూ ఒకే వైపుది తీసుకునే పిల్లలుంటారు, అందుకే కుడి ఎడమలు మారుస్తూ వచ్చాను. గెలిచింది స్టీలు డబ్బా మూత! గిర్రున తిప్పుకోవడం వాడికి ప్రాణమట, ఇన్నాళ్లూ నాకే తెలియలేదు. మిగతా వేళల్లో మూత దాచి, ఒక్క గుండీ పెట్టగానే చేతికిచ్చాను. వారంలో మూడు గుండీలు వచ్చాయి.

అందరికీ ఇలాగే కుదురుతుందని చెప్పలేను. ఎంచుకున్న వస్తువు కోసం పని కూడా చేస్తారా అన్నది పని దగ్గరే తేలుతుంది. మాకూ నెల తిరిగేసరికి మూత మీద మోజు పోయింది, మళ్లీ జతలు పెట్టాను.