ఘాట్ ఎక్కే ముందు: బయట కొన్న అలాయ్ చక్రాలకు జాగ్రత్తలు

వానలకు ముందు ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ వైపు కంపెనీ రిమ్ములు తీయించి బయటి అలాయ్ చక్రాలు వేయించేవాళ్లు డబ్బు కట్టకముందే ఇవి చూసుకోండి.

– పీసీడీ (బోల్టుల సంఖ్య, అవి ఉండే వలయం వ్యాసం మి.మీ.లలో): కారుకు 4×100 అయితే చక్రానికీ అదే ఉండాలి. 4×98 కూడా ఎక్కినట్టే కనిపిస్తుంది. కానీ బోల్టులు వంకరగా పట్టుకుని నట్లు వదులవుతాయి, చక్రమే ఊడొచ్చు.

– లోడ్ రేటింగ్ (చక్రం మోయగల బరువు): చక్రం వెనక అచ్చు చూడండి. ఒకే యాక్సిల్ (ఇరుసు) మీది రెండు చక్రాలది కలిపితే ఆ యాక్సిల్ గరిష్ఠ బరువుకు తగ్గకూడదు. అచ్చే లేకపోతే ఎంత చవకైనా వద్దు. గుంతలో ఇనుప రిమ్ము వంగుతుంది, నాసిరకం అలాయ్ పగులుతుంది.

– మధ్య రంధ్రం: హబ్ (చక్రం కూర్చునే కారు భాగం) కన్నా పెద్దదైతే మధ్యలో రింగు వేయించాలి, లేకుంటే స్టీరింగ్ వణుకుతుంది.

– ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, బయటికి కూర్చుంటుందో): నలుగురిని ఎక్కించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూడండి. టైరు ఎక్కడా రాసుకోకూడదు.

– నట్లు: 80–100 కి.మీ. తిరిగాక టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో కొలిచే పానాతో) మళ్లీ సరిచూడాలి. స్టెప్నీ ఇనుపదేనా? పాత నట్లు డిక్కీలోనే ఉంచండి, కొత్తవి దానికి సరిపోకపోవచ్చు.