ఎన్నడూ చూడని మంగోలు బంధువును కలిసి, కుటుంబ చరిత్ర తెలుసుకోవడం ఎలా?

తాతగారో అమ్మమ్మగారో మంగోలు కుటుంబంలో పుట్టారన్న ఒక్క మాట తప్ప, ఆ వైపు బంధువులెవరో, ఏ ప్రాంతంవారో తెలియకుండానే పెరిగినవారు ఐరోపాలోనూ అమెరికాలోనూ చాలామంది ఉన్నారు. మీ ఇంటికి వచ్చిన కోడలో, అల్లుడో, దగ్గరి స్నేహితులో అలాంటివారై, ఇన్నేళ్ళకు ఒక బంధువు ఆచూకీ దొరికిందని చెబితే, ఆ కలయికకు ఎలా సిద్ధపడాలో, ఏమి అడగాలో, ఏది అడగడానికి తొందరపడకూడదో చెప్పడానికే ఈ వ్యాసం. ఇరవయ్యో శతాబ్దంలో మంగోలుల వంశనామాలను, వంశపత్రాలను చాలావరకు ప్రభుత్వాలే తుడిచిపెట్టాయి కాబట్టి, ఈ విషయంలో దస్తావేజుల కన్నా బతికి ఉన్న పెద్దవారి జ్ఞాపకమే గట్టి ఆధారం. ఆ జ్ఞాపకం మనకు దక్కాలంటే వివరాలు రాసుకోవడానికి వచ్చినవారిలా కాకుండా, ఆ ఇంటి పిల్లల్లా వెళ్ళాలి.

1. ఏ మంగోలులో ముందుగా తేల్చుకోండి

మంగోలియా దేశంలో ఎక్కువమంది ఖల్ఖా మంగోలులే అయినా, ఆ దేశంలో ఉన్నవారి కన్నా చైనా పాలనలోని ఇన్నర్ మంగోలియాలో ఉన్న మంగోలుల సంఖ్యే ఎక్కువ. బైకాల్ సరస్సు చుట్టూ బురియాత్‌లు, కాస్పియన్ సముద్రానికి వాయవ్యంగా కల్మిక్‌లు రష్యాలో ఉన్నారు. కుటుంబాలు చెదిరిపోయిన కారణాలు ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటాయి. కల్మిక్‌లందరినీ 1943 డిసెంబరులో స్టాలిన్ ప్రభుత్వం రైళ్ళకెక్కించి సైబీరియాకు తరలించింది. 1957లో గానీ వారు తిరిగి రాలేకపోయారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీ శరణార్థి శిబిరాలలో చిక్కుకున్న కొన్ని వందల కల్మిక్ కుటుంబాలు 1951-52లో అమెరికా చేరి న్యూజెర్సీలోనూ ఫిలడెల్ఫియాలోనూ స్థిరపడ్డాయి. అందుచేత ఇంట్లో ఉన్న పాత కాగితాలలో జర్మనీ శిబిరం పేరో, యుద్ధానికి ముందు కల్మిక్ శరణార్థులు నివసించిన బెల్‌గ్రేడ్ పేరో కనిపిస్తే మీ వెతుకులాట మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో కాక కల్మికియా రాజధాని ఎలిస్తాలో మొదలుకావాలి. ఈ ఒక్క సంగతి తేలకుండా దేశమంతా గాలించడం వృథా ప్రయాస.

2. పేరును సరిగా చదవండి

మంగోలియా పౌరుల పేర్లలో మొదట తండ్రి పేరు, తర్వాత సొంత పేరు వస్తాయి. దోర్జ్ అనే ఆయన కుమారుడికి బాత్‌బయార్ అని పేరు పెడితే అతడు దోర్జీన్ బాత్‌బయార్ అవుతాడు. అతని పిల్లల పేర్లకు ముందు దోర్జ్ ఉండదు, బాత్‌బయార్ వస్తుంది. అంటే తాత కాగితాలలోనూ మనవడి కాగితాలలోనూ ఉమ్మడిగా కనిపించే పేరే ఉండదు. విదేశీ దరఖాస్తులో ఇంటిపేరు గడిలో రాసినది చాలాసార్లు తండ్రి పేరే కాబట్టి, ఆ పేరున్న వారందరూ ఒకే కుటుంబమని అనుకోకూడదు. పెళ్ళయ్యాక స్త్రీలు పేరు మార్చుకోరు. తండ్రి లేని పిల్లలకు తల్లి పేరు, తాతగారి దగ్గర పెరిగినవారికి తాత పేరు ముందు చేరడమూ మామూలే.

మరి వంశనామం ఏమైంది? 1925లో కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం వంశనామాల వాడకాన్ని నిషేధించింది. 1990ల్లో ప్రజాస్వామ్యం వచ్చాక మళ్ళీ వంశనామాలు నమోదు చేసుకోమన్నారు గానీ, రెండు మూడు తరాలు గడిచిపోవడంతో చాలామందికి తమ అసలు వంశం పేరే తెలియదు. దాంతో అసంఖ్యాకులు చెంఘిజ్ ఖాన్ వంశమైన బోర్జిగిన్‌ను ఎంచుకున్నారు. 1981లో అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి మంగోలియా పౌరుడు గుర్రాగ్చా, విశ్వం అనే అర్థం వచ్చే సన్సార్ అనే పేరును తన వంశనామంగా పెట్టుకున్నాడు. కాబట్టి మీ బంధువు గుర్తింపు కార్డు మీద బోర్జిగిన్ అని కనిపిస్తే దాన్ని చారిత్రక ఆధారంగా తీసుకోవద్దు. ఆ పేరును ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఎంచుకున్నారని అడగండి. తాతలనాటి నుంచి చెవిన పడుతూ వచ్చిన వంశనామం వేరే ఒకటి ఉందా అని కూడా అడగండి.

వ్యక్తుల పేర్లలోనూ జాడలుంటాయి. నెర్గుయ్ అంటే పేరు లేదని, ఎనెబిష్ అంటే ఇది కాదని అర్థం. పుట్టిన పిల్లలు వరసగా దక్కకపోతే, తర్వాతి బిడ్డను దుష్టశక్తుల కంట పడకుండా కాపాడుకోవడానికి ఇలాంటి పేర్లు పెట్టేవారు. మన పల్లెల్లో పెంటయ్య, పెంటమ్మ అని పేర్లు పెట్టింది కూడా ఈ భయంతోనే. బంధువుల జాబితాలో అలాంటి పేరు కనిపిస్తే, అంతకు ముందు పోయిన పిల్లలున్నారా అని ఇంట్లోని పెద్దావిడను నెమ్మదిగా, ఏకాంతంగా అడగాలి.

3. పేరుతో పాటు ప్రాంతాన్ని పట్టుకోండి

మంగోలియాలో 21 అయిమగ్‌లున్నాయి. అవి మన జిల్లాల వంటివి. వాటి కింద మన మండలాల్లా సుమ్‌లు, సుమ్‌ల కింద బగ్‌లు ఉంటాయి. మంగోలులు ఒకరినొకరు పరిచయం చేసుకునేటప్పుడు మొదట అడిగేది ఏ ప్రాంతం, ఏ సుమ్ అనే. పాతకాలపు హోషూ అనే విభాగాలను 1931లో రద్దు చేశారు కాబట్టి, అంతకు ముందు పుట్టినవారి ఊరి వివరం నేటి పటంలో దొరకకపోవచ్చు. అలాంటప్పుడు కొండ పేరో, నది పేరో అడగడం మేలు. సంచార కుటుంబాలు శీతకాలపు విడిదిని ఆ పేర్లతోనే గుర్తుపెట్టుకుంటాయి.

4. మొదటి ఉత్తరం చిన్నదిగా ఉండాలి

మీరెవరో, ఎవరి తరఫు బంధువో, మీకు తెలిసిన రెండు మూడు పేర్లేమిటో రాసి, ఒక పాత ఫోటో జత చేస్తే చాలు. మంగోలియాలో ఫేస్‌బుక్ వాడకం బాగా ఉంది కనుక, చాలాసార్లు ఆ ఇంటి యువతరం ద్వారానే పెద్దవారికి కబురు చేరుతుంది. సోషలిస్టు కాలంలో చదువుకున్న పెద్దవారిలో చాలామందికి రష్యన్ వస్తుంది. మొదటి ఉత్తరంలోనే దస్తావేజులు కోరడం, డీఎన్‌ఏ పరీక్ష ప్రస్తావన తేవడం మర్యాద కాదు.

బంధుత్వం మీద నిజంగా సందేహముంటే, పరిచయం కుదిరాక ఇద్దరి అంగీకారంతో పరీక్ష చేయించుకోవచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పిల్లల మధ్య సగటున 12.5 శాతం డీఎన్‌ఏ ఉమ్మడిగా ఉంటుంది గనుక అంత దగ్గరి చుట్టరికం స్పష్టంగా తేలుతుంది. చెంఘిజ్ ఖాన్ సంతతి అవునా కాదా అన్నది మాత్రం తేలదు. ఆసియాలోని విశాల ప్రాంతంలో దాదాపు 8 శాతం పురుషులలో ఒకే తండ్రివైపు జన్యు వరస ఉందని 2003లో వెలువడిన అధ్యయనం చెప్పి, దాన్ని అతని పేరుకు ముడిపెట్టింది. అతని సమాధి నేటికీ దొరకలేదు, పోల్చి చూడటానికి అతని డీఎన్‌ఏ లేదు కాబట్టి ఆ ముడి ఊహగానే ఉంది.

5. కలిసే రోజు

వీలైతే చాంద్రమాన సంవత్సరాది అయిన త్సగాన్ సార్‌కు వెళ్ళండి. సాధారణంగా ఫిబ్రవరిలో వచ్చే ఈ పండుగకు చిన్నవారు పెద్దవారి ఇళ్ళకు వెళ్తారు కాబట్టి, చుట్టాలందరూ ఒకేచోట కనిపిస్తారు. బల్ల మీద పాదం ఆకారపు ఊల్ బోవ్ రొట్టెలను మూడు, అయిదు, ఏడు ఇలా బేసి వరసల్లో పేర్చి, పైన పాలపదార్థాలు సర్ది ఉంచుతారు. ఇంట్లో పెద్దవారు ఉన్నకొద్దీ వరసలు పెరుగుతాయి.

అభివాదం చేసే పద్ధతి ముందుగా నేర్చుకోండి. చిన్నవారు అరచేతులు పైకి ఉండేలా రెండు చేతులూ చాచి, పెద్దవారి మోచేతులను కింది నుంచి ఆనిస్తారు. పెద్దవారు తమ చేతులను ఆ చేతుల మీద ఉంచి, ముందుకు వంగి చెంపను మూర్కొంటారు. గౌరవించదలచినప్పుడు చేతుల మీద హదగ్ అనే నీలిరంగు పట్టువస్త్రం పరుస్తారు. ఏదైనా అందుకునేటప్పుడు కుడిచేతితో, లేదా రెండు చేతులతో అందుకోవాలి. ఇంటి పెద్ద ముక్కుపొడి సీసా అందిస్తే కుడి అరచేతిలో తీసుకుని వాసన చూసి తిరిగి ఇవ్వాలి. పొడి పీల్చడం ఇష్టం లేకపోతే మూత దగ్గరే వాసన చూసి ఇచ్చేయవచ్చు.

గుడారపు ఇంటిని గెర్ అంటారు. దాని గడపను తొక్కకూడదు, నడిమి స్తంభాల మధ్య నుంచి నడవకూడదు, పొయ్యి వైపు కాళ్ళు చాపకూడదు. పొరపాటున ఎవరి పాదమైనా తొక్కితే వెంటనే చేయి కలపాలి. శాకాహారులైతే ఆ సంగతి ముందే చెప్పండి. బూజ్ అనే ఆవిరి కుడుముల్లో మాంసమే ఉంటుంది. అయినా ఉప్పు వేసిన పాల టీ, మందపాటి మీగడ, ఎండబెట్టిన పెరుగుముక్కలు దండిగా ఉంటాయి. అందించినదాన్ని పూర్తిగా కాదనకుండా పెదవులకు తాకించి పెట్టడం మంచిది.

వరసల విషయంలో తెలుగువారు తడబడరు. వయసులో పెద్దవాడిని అహ్ అని, పెద్దామెను ఎగ్చ్ అని, చిన్నవారిని దూ అని అంటారు. తండ్రివైపు వారికి అవ్గ, తల్లివైపు వారికి నగత్స్ అని ముందు చేరుస్తారు. అందువల్ల బాబాయి, మేనమామ ఒకే మాటలో కలిసిపోరు. పెద్దవారిని మీరు అనే అర్థం ఉన్న తా అనే మాటతోనే సంబోధించాలి.

6. ప్రశ్నలు అడగడం

గెర్‌లో ద్వారానికి ఎదురుగా ఉండే గౌరవస్థానంలో, రంగుల పెట్టె మీద ఒక పెద్ద ఫోటో చట్రం ఉంటుంది. ఒకే చట్రంలో చిన్నచిన్న ఫోటోలు పక్కపక్కనే ఇరికించి ఉంటాయి. సైనిక దుస్తుల్లోని యువకుడు, పతకాలు పెట్టుకున్న ముసలాయన, పట్నంలో బడికి వెళ్ళిన అమ్మాయి, అందరూ అందులో కనిపిస్తారు. సంభాషణ అక్కడి నుంచి మొదలుపెట్టండి. అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డు చేస్తూ, ఒక్కొక్క ముఖం చూపి ఈయన ఎవరు, మనకేమవుతారు అని అడగండి. ఫోటోలను చట్రం నుంచి వారే తీస్తే వెనక రాత చూడండి. నిలువుగా పై నుంచి కిందికి రాసిన పాత మంగోలు లిపి ఉంటే అది 1940ల నాటిదో, అంతకు ముందుదో అయ్యే అవకాశం ఎక్కువ. 1946 నుంచి మంగోలియాలో సిరిలిక్ లిపి వాడుకలోకి వచ్చింది. ఇన్నర్ మంగోలియాలో మాత్రం పాత లిపే కొనసాగింది కాబట్టి ఈ కొలత అక్కడికి వర్తించదు.

పశువుల గురించి అడిగితే పెద్దవారు ఆగకుండా చెబుతారు. గుర్రాలకు కాల్చి వేసే ముద్ర కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఆ ముద్రను కాగితం మీద గీసి ఇమ్మనండి. పేరు మరిచిపోయిన ఇళ్ళలో కూడా ముద్ర గుర్తుంటుంది.

1930ల సంగతి వచ్చినప్పుడు మాత్రం తొందరపడకూడదు. 1937 నుంచి 1939 వరకు చోయ్‌బల్సాన్ పాలనలో, మాస్కో ఒత్తిడితో, ఇరవై వేలకు పైగా ప్రజలను కాల్చి చంపారు. వారిలో అధికభాగం బౌద్ధ లామాలు. ఏడువందలకు పైగా ఉన్న మఠాలలో దాదాపు అన్నీ నేలమట్టమయ్యాయి. లామా తమ్ముడనో, పాత ప్రభువుల మనవడనో తెలిస్తే ప్రాణం మీదికి వచ్చే రోజుల్లో ఎన్నో కుటుంబాలు తమ వంశపత్రాలను తామే కాల్చేశాయి, పిల్లలకు తాతల పేర్లు చెప్పడం మానేశాయి. అందుకే ఈ ప్రశ్నకు జవాబుగా మౌనమే రావచ్చు. ఆ మౌనాన్ని మీ పట్ల అయిష్టంగా అనుకోవద్దు. 1990 తర్వాత బాధితులను నిర్దోషులుగా ప్రకటించడం మొదలైంది. అలాంటి పత్రం ఇంట్లో ఉందేమో రెండోసారి కలిసినప్పుడు అడగండి. అందులో పుట్టిన ప్రాంతం, తండ్రి పేరు వంటి వివరాలు దొరకవచ్చు. ఇన్నర్ మంగోలియా కుటుంబాలైతే 1960ల చివరి సాంస్కృతిక విప్లవకాలపు హింస గురించి ఇంతే జాగ్రత్తగా ఉండాలి. అక్కడ నివసిస్తున్నవారిని ఫోన్‌లో, సందేశాల్లో రాజకీయ ప్రశ్నలు అడగకపోవడం వారి క్షేమానికి అవసరం.

7. పుట్టిన చోటికి వెళ్ళడం

బంధువు తీసుకువెళ్తానంటే తప్పక వెళ్ళండి. దారిలో రాళ్ళు పేర్చిన ఒవో కనిపించినచోట ఆగి, ఒక రాయి వేసి, కుడివైపుగా మూడుసార్లు ప్రదక్షిణం చేస్తారు. తాము పుట్టిన గుడారం నిలిచిన నేలను ఎన్నో ఏళ్ళకు చేరుకున్న మంగోలులు, ఎంత వయసువారైనా, ఆ గడ్డిమీద పడుకుని పొర్లుతారు. అప్పుడు కెమెరా పక్కన పెట్టి, పిలిస్తే మీరూ వెళ్ళి పక్కన కూర్చోండి. ఆ చోటి కొండ, వాగు, బావి పేర్లను, ఫోన్‌లో చూపించే అక్షాంశ రేఖాంశాలను తర్వాత రాసుకోవచ్చు.

8. రాసి పెట్టడం

మంగోలులు వంశపత్రాన్ని ఉగీన్ బిచిగ్ అంటారు. తండ్రి వైపును, తల్లి వైపును రెండింటినీ గీసి, ప్రతి పేరు కింద ఆ మాట ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాయండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచండి. తెలియని చోట ఊహతో నింపకుండా ఖాళీగా వదిలేయండి. ఒక ప్రతిని సిరిలిక్‌లో అచ్చు వేయించి, పెద్దవారు కళ్ళకు దగ్గరగా పెట్టుకోకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో బంధువుకు పంపండి. తప్పులు దిద్ది వారు పంపే ఉత్తరంలో ఒకటి రెండు కొత్త పేర్లు తరచుగా దొరుకుతాయి. ఏటా త్సగాన్ సార్ తేదీ మారుతుంది కాబట్టి ముందే చూసి పెట్టుకోండి. ఆ రోజు ముందుగా ఫోన్ చేసి క్షేమం అడగవలసింది వయసులో చిన్నవారే.