జామ నాటే ముందు దూరం, ఎరువు లెక్కలు: రైతు జాగ్రత్తలు

జామ ఎలాంటి నేలలోనైనా బతుకుతుంది. ఆ ధీమాతోనే చాలామంది తోట వేసేస్తారు. అయితే చెట్టు బతకడం వేరు, కాయ నాణ్యంగా రావడం వేరు. కాయ పరిమాణం, తీపి, కోసిన తర్వాత గట్టిగా నిలిచే గుణం చాలావరకు మొక్కల మధ్య దూరం మీద, ఆ దూరానికి తగ్గట్టు ఇచ్చే పోషకాల మీద ఆధారపడతాయి. ఈ రెండింటినీ విడివిడిగా నిర్ణయించుకోవడం వల్లనే ఎక్కువ తోటలు దెబ్బతింటున్నాయి.

6×6 మీటర్ల దూరంలో ఎకరానికి దాదాపు 112 మొక్కలు పడతాయి. 3×3 అయితే 450, 3×1.5 అయితే 900, 2×1 అయితే 2,000 దాటుతాయి. మొక్కల సంఖ్య పెరిగే కొద్దీ తొలి ఏళ్లలో ఎకరా దిగుబడి పెరుగుతుంది, అందులో సందేహం లేదు. కానీ కొమ్మలు కలిసిపోయాక ఒక్కో చెట్టు కాపు తగ్గుతుంది, కాయ బరువు తగ్గుతుంది, తీపి పలచబడుతుంది. దీనికి కారణం నీడ. కాయలో చేరే చక్కెర ఆకులోనే తయారవుతుంది, ఎండ తగలని ఆకు దాన్ని తయారు చేయలేదు.

కాబట్టి దగ్గర దగ్గరగా నాటాలనుకునేవారు ముందు కూలీల సంగతి, కత్తెర సంగతి తేల్చుకోవాలి. జామ కొత్త చిగురు మీదే పూస్తుంది. అందుకే కత్తిరించినా కాపు పోదు, సరైన సమయంలో కత్తిరిస్తే ఇంకా బాగా వస్తుంది. 2×1 తోటలో నాటిన మొక్క కుదురుకున్నాక మొదలును 30–40 సెంటీమీటర్ల ఎత్తులో తుంచాలి. పక్క నుంచి వచ్చే చిగుళ్లలో మూడు నాలుగు బలమైనవి ఉంచి, అవి 40–50 సెంటీమీటర్లు పెరిగాక సగానికి కత్తిరించాలి. ఆ తర్వాత కూడా ఏటా రెండు మూడు సార్లు కత్తెర పడాల్సిందే. అంత పని చేయించలేమనుకుంటే 3×3 కంటే దగ్గరికి వెళ్లకండి. ఇది నా గట్టి సలహా.

గుబురు ఎప్పుడు మితిమీరిందో తెలుసుకోవడం సులువే. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద నేలను చూడండి. ఎండ మచ్చలు చెదురుమదురుగా పడుతుంటే ఫరవాలేదు. నేలంతా ఒకే నీడగా ఉంటే లోపలి కొమ్మల కాయలు చిన్నవిగా, చప్పగా మిగులుతాయి. గాలి ఆడక ఆకుల మీద తడి ఆరదు, కాయ మచ్చ తెగులు పెరుగుతుంది. పైనున్న కాయ ఒకటి, లోపలి కాయ ఒకటి కోసి రుచి చూస్తే తేడా నాలుకకే తెలుస్తుంది.

ఇక ఎరువుల విషయం. ఎరువు మోతాదులు తరచుగా చెట్టుకు ఇంత అని చెబుతారు. ఆ అంకె దూరదూరంగా నాటిన పెద్ద చెట్టుకు చెప్పిందన్న సంగతి ఎవరూ గుర్తుంచుకోరు. ఉదాహరణకు చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని అనుకుందాం. 112 చెట్లకు అది 56 కిలోలు. అదే మోతాదు 900 చెట్లకు వేస్తే 450 కిలోలు! నేల అంతే, ఎకరం అంతే, ఎనిమిది రెట్లు నత్రజని. అందుకే ఒత్తు తోటలో చెట్టు లెక్క పక్కన పెట్టి, మట్టి పరీక్ష చూసుకుని ఎకరం లెక్కన మోతాదు తేల్చుకోవాలి, దాన్ని చెట్లకు పంచాలి.

నత్రజని ఎక్కువైతే ఆకులు నల్లగా నిగనిగలాడతాయి, కొమ్మలు ఏపుగా సాగుతాయి. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గానీ ఆ ఏపు మళ్లీ నీడనే పెంచుతుంది. కాయ మెత్తబడుతుంది, నిల్వ ఉండదు. పొటాష్ తీపికి, బరువుకు, గట్టిదనానికి తోడ్పడుతుంది. అలాగని దాన్నీ గుమ్మరించకూడదు, మితిమీరితే మొక్క కాల్షియం, మెగ్నీషియం తీసుకోలేదు. కత్తిరింపు తర్వాత చిగురు కోసం నత్రజనిలో ఎక్కువ వంతు, పిందె కట్టాక పొటాష్‌లో ఎక్కువ వంతు ఇవ్వడం మంచిది. డ్రిప్ ఉంటే కొద్దికొద్దిగా చాలా విడతల్లో ఇవ్వవచ్చు.

వేసే చోటు కూడా ముఖ్యమే. జామకు తిండి అందించే సన్నని వేర్లు నేల పైపొరలోనే ఉంటాయి. మొదలు దగ్గర కుప్ప పోస్తే వాటికి అందదు, లోతుగా తవ్వితే అవి తెగుతాయి. తెగిన వేరు ద్వారా ఎండు తెగులు శిలీంధ్రం లోపలికి వస్తుంది. ఒత్తు తోటలో వేర్లు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి కాబట్టి ఒక చెట్టు తెగులు పక్క చెట్టుకు త్వరగా పాకుతుంది. కొమ్మల అంచు కింద పైపైన గాడి తీసి ఎరువు వేసి కప్పండి. మొక్కలు కొనేటప్పుడే ఒకటి రెండు సంచులు విప్పించి వేర్లు చూడండి. వేర్ల మీద బుడిపెలు ఉంటే వేర్లను పీల్చే, కంటికి కనిపించని నులిపురుగు ఉన్నట్టే, ఆ మొక్కలు ఎంత చవకైనా వద్దు.

ఆకులు చిన్నవై, ఆకు ఈనెల నడుమ పసుపు తేలితే జింక్ లోపం. లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేట్, సున్నపు తేటతో కలిపి పిచికారీ చేయాలి, సున్నం లేకపోతే ఆకు మాడవచ్చు. కాయలు గిడసబారి పగుళ్లిస్తుంటే బోరాన్ లోపాన్ని అనుమానించాలి, లీటరుకు 3 గ్రాముల బోరాక్స్ చాలు. బోరాన్ లోపానికీ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ, కాబట్టి చేతి అంచనాతో వేయకండి.

ఇప్పటికే గుబురైపోయిన తోట ఉన్నవారు ముందుగా ప్రతి వరసలో చెట్టు విడిచి చెట్టు తీసేయడమో, గట్టిగా కత్తిరించడమో చేయాలి. కత్తిరించిన చెట్టుకు కింద వేరు బలం ఎక్కువ, పైన కొమ్మ తక్కువ. నత్రజని వేయకున్నా చిగురు జోరుగా వస్తుంది. ఆ విడత నత్రజని తగ్గించి, చిగుళ్లలో బలహీనమైనవి తుంచేసి, పిందె కట్టాకే పొటాష్ మొదలుపెట్టండి.