కారు నేర్చుకుందాం – 5వ పాఠం: పార్కింగ్ బ్రేకు చేతిదా, కాలిదా, కరెంటుదా?

పోయిన పాఠంలో మామూలు బ్రేకు ఎలా పనిచేస్తుందో చూశాం. పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడి నాలుగు చక్రాలకూ వెళ్తుంది, కాలు తీయగానే పోతుంది. మనం దిగి వెళ్లిపోయాక కూడా బండి కదలకుండా ఉండాలంటే అది చాలదు. అందుకే పార్కింగ్ బ్రేకును వేరే దారిలో పెడతారు. ఎక్కువ కార్లలో అది వెనక చక్రాలను మాత్రమే పట్టుకుంటుంది. ఈ పాఠం పూర్తయ్యేసరికి మీ కారులో ఉన్నది ఏ రకమో తెలియాలి, వాలు మీద దాన్ని సరిగ్గా వేయడం రావాలి.

మన దగ్గర ఎక్కువమందికి అలవాటైంది హ్యాండ్ బ్రేకు. సీట్ల మధ్య ఉన్న లివర్ లాగితే కింద స్టీలు కేబుల్ బిగుస్తుంది. అది వెనక డ్రమ్ముల్లో (చక్రంతో పాటు తిరిగే గిన్నెల్లాంటివి) ఉన్న బ్రేక్ షూలను, అంటే వంపు తిరిగిన బ్రేకు ముక్కలను, తెరిచి డ్రమ్ముకు అదుముతుంది. లాగేటప్పుడు వచ్చే కటకట శబ్దం లివర్ అడుగున పళ్లలో కొక్కెం పడుతున్నది. దాన్ని ఊరికే వదిలేయకండి, లెక్కపెట్టండి. చదునైన చోట ఇంజన్ ఆపి, మామూలు బలంతో లాగి, ఎన్ని క్లిక్కులకు గట్టిపడిందో రాసుకోండి. ఎన్ని ఉండాలో మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. ఆ లెక్క పెరుగుతూ పోతుంటే కేబుల్ సాగి ఉండాలి, లేదా షూల మీద రాసుకునే పొర (లైనర్లు) అరిగి ఉండాలి. మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ అంకె చెప్పండి, సగం పని అయిపోతుంది.

హ్యాండ్ బ్రేకు గొప్పతనం ఘాట్ రోడ్డులో తెలుస్తుంది. తిరుమల ఎక్కుతూ ముందు బండి ఆగిందనుకోండి. వెనక బస్సు ఉంది, క్లచ్ వదిలితే వెనక్కి జారుతామని టెన్షన్. లివర్ లాగి ఉంచండి. ఫస్ట్ గేరులో కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ శబ్దం బరువెక్కి, బానెట్ కొంచెం పైకి లేచినట్టు అనిపిస్తుంది. ఆ క్షణంలో బటన్ నొక్కి లివర్ దించండి. బండి వెనక్కి జారకుండా ముందుకు కదులుతుంది. ముందు ఖాళీ రోడ్డులో చిన్న వాలు మీద చేతికి అలవాటయ్యేదాకా చేసి, ఆ తర్వాతే ఘాట్ ఎక్కండి.

కాలి పార్కింగ్ బ్రేకు మన ఊళ్లలో అరుదు. పాత మెర్సిడెస్ కార్లలో కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు పాత క్యామ్రీ, సియెన్నా లాంటివి కొన్నప్పుడు ఎడమ కాలి దగ్గర ఎత్తుగా ఉన్న చిన్న పెడల్ చూసి తికమక పడతారు. అది క్లచ్ కాదు. గట్టిగా తొక్కితే అక్కడే నిలిచిపోతుంది. కొన్ని కార్లలో మళ్లీ తొక్కితే, కొన్నింటిలో డ్యాష్‌బోర్డు కింద పిడి లాగితే విడుతుంది. లోపల ఉన్నది అదే కేబుల్. కాలికి చేతికన్నా బలం ఎక్కువ కాబట్టి బాగా బిగుస్తుంది, సీట్ల మధ్య చోటు కూడా మిగులుతుంది. కానీ క్లచ్ ఉన్న బండిలో ఎడమ కాలు ఒకేసారి రెండు పనులు చేయలేదు. అందుకే ఇది ఎక్కువగా ఆటోమేటిక్ కార్లలోనే ఉంటుంది.

ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకులో మనం స్విచ్ లాగుతాం, మోటారు బిగిస్తుంది. ఇప్పటి కార్లలో ఎక్కువగా వెనక డిస్కు బ్రేకు కాలిపర్ (చక్రంతో తిరిగే డిస్కును రెండు వైపులా పట్టుకునే భాగం) మీదే చిన్న మోటారు ఉంటుంది. అది లోపలి స్క్రూను తిప్పి, బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కుతుంది. స్విచ్ లాగాక వెనక నుంచి వినిపించే జూమ్ శబ్దం అదే. బలం తక్కువగా ఉన్నవాళ్లు లాగినా పట్టు ఒకేలా ఉంటుంది. పెద్ద వయసువాళ్లు నడిపే ఇంట్లో నేను దీన్నే ఎంచుకుంటాను. అయితే రెండు సంగతులు మరచిపోవద్దు. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే వేసిన బ్రేకు వేసినట్టే ఉంటుంది, మామూలుగా విడవదు. వెనక ప్యాడ్లు మార్చాలంటే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టి మోటారును వెనక్కి తిప్పాలి. అది తెలియని చోట పిస్టన్‌ను (ప్యాడ్‌ను నెట్టే భాగం) బలవంతంగా వెనక్కి నొక్కిస్తే మోటారు పాడవుతుంది. ఆటో హోల్డ్ వేరు. అది సిగ్నల్ దగ్గర ఆయిల్ ఒత్తిడితో ఆపి ఉంచేది, దాన్ని నమ్మి బండి దిగకూడదు.

ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 13-హెచ్ ప్రకారం, పూర్తి బరువుతో ఉన్న కారును 20 శాతం వాలు మీద పార్కింగ్ బ్రేకు ఒక్కటే ఆపగలగాలి. అంటే 100 మీటర్లకు 20 మీటర్లు ఎత్తు పెరిగే దారి. అందుకు చేతి లివర్ మీద 400, కాలి పెడల్ మీద 500 న్యూటన్లకు మించి బలం అవసరం కాకూడదు. సుమారుగా 40 కిలోలు, 50 కిలోలు అనుకోండి.

బ్రేకు ఏ రకమైనా వేసే వరస ఒకటే, చాలామంది తప్పేది ఇక్కడే. ఆటోమేటిక్ కారు ఆపగానే గేరును పి (పార్క్) లో పెట్టి, పెడల్ మీద నుంచి కాలు తీసేస్తారు. వాలు మీద బండి బరువంతా గేర్‌బాక్సులో ఉన్న ఒక చిన్న ఉక్కు కొక్కెం మీద పడుతుంది. మళ్లీ తీసేటప్పుడు టక్కున కొట్టుకునేది అదే. ఇలా చేయండి: పెడల్ తొక్కి ఉంచి న్యూట్రల్‌లో పెట్టండి, పార్కింగ్ బ్రేకు వేయండి, పెడల్ మెల్లగా వదిలి బండి దాని మీద నిలిచిందో లేదో చూడండి. ఆ తర్వాత మళ్లీ పెడల్ తొక్కి పి లో పెట్టండి. మాన్యువల్ బండి అయితే ఇంజన్ ఆపాక ఎగువకు ముఖం ఉంటే ఫస్ట్, దిగువకు ఉంటే రివర్స్ గేరు వేయండి.

వచ్చే పాఠానికి ముందు ఈ వరసను సెల్లార్ పార్కింగ్ ర్యాంపు మీద చేసి, పెడల్ వదిలినప్పుడు బండి ఎంత జారిందో గమనించి రాసుకోండి. 6వ పాఠంలో ఆ కొలత పట్టుకుని కేబుల్ సర్దుబాటు చూద్దాం.